సీటు ధర ఎవరు కడుతున్నారు?

2009లో పదిహేనో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో అందరికంటే ఎక్కువ ఆస్తి ప్రకటించినవారెవరు? ఏ ముంబయి షావుకారో, ఢిల్లీ పారిశ్రామికవేత్తో అయి ఉంటారనుకుంటాం. కాదు, ఆయన మన ఖమ్మం ఎంపీ నామా నాగేశ్వరరావు. నామినేషన్‌తో పాటు ఇచ్చిన అఫిడవిట్ ప్రకారం ఆస్తి సుమారు 173 కోట్ల రూపాయలు. ఆ నియోజకవర్గంలోనే అశ్వారావుపేట అడవి ఉంది. కొత్తగూడెం చుట్టూ కోయ గూడేలున్నాయి. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లానికి మోసి, కట్టకు ఇంత అని కూలి తీసుకునే ఆడవాళ్లున్నారు. వాళ్ల ప్రతినిధి లోక్‌సభ మొత్తంలోకీ సంపన్నుడు.

ఈ తేడా చూసి ముక్కున వేలేసుకుని ఊరుకోవచ్చు. ఆయన మంచివాడా, చెడ్డవాడా అని వాదులాడుకోవచ్చు కూడా. ఈ ప్రాంతంలో స్త్రీల సంఘాలతో పనిచేసే నాకు ఆ రెండూ పెద్దగా ఉపయోగపడలేదు. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది. పారిశ్రామికవేత్తలు, కాంట్రాక్టర్లు వరసగా చట్టసభలకు వస్తుంటే సీటు ధర పెరుగుతుంది. పెరిగిన ఆ ధర కట్టలేక మొదట బయట నిలబడిపోయేది ఎవరు?

ఒక కాంట్రాక్టరు ప్రస్థానం

నామా నాగేశ్వరరావు కాంట్రాక్టు పనుల నుంచి పైకి వచ్చిన మనిషి. 1990లో మధుకాన్ ప్రాజెక్ట్స్ కంపెనీ ఏర్పడింది. మరుసటి ఏడాదే నూతన ఆర్థిక విధానాలు వచ్చాయి. అంతకు ముందు ప్రభుత్వమే దగ్గరుండి చేయించిన రోడ్లు, కాలువలు, ప్రాజెక్టులు పెద్ద పెద్ద ప్యాకేజీలుగా ప్రైవేటు కంపెనీలకు వెళ్లడం మొదలైంది. కంపెనీ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి హైవే వేస్తుంది, టోలు వసూలు చేసుకుంటుంది. ఆ గాలివాటుకు తెలుగునాట ఎదిగిన కంపెనీలు చాలా ఉన్నాయి. మధుకాన్ వాటిలో ఒకటి. రోడ్లు, గ్రానైట్, నేలకొండపల్లి మండలం రాజేశ్వరపురంలో చక్కెర ఫ్యాక్టరీ, ఇలా గ్రూపు విస్తరించింది.

ఆయన రాజకీయ జీవితం 2004లో ఓటమితో మొదలైంది. తెలుగుదేశం అభ్యర్థిగా ఖమ్మంలో నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి రేణుకా చౌదరి చేతిలో ఓడిపోయారు. 2009లో ఆమెనే లక్షకు పైగా మెజారిటీతో ఓడించారు. లోక్‌సభలో తెలుగుదేశం పక్షానికి నాయకుడయ్యారు. 2014లో సుమారు పన్నెండు వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2018లో ఖమ్మం అసెంబ్లీకి పోటీచేసి మళ్లీ ఓడారు. 2019 మార్చిలో తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరారు, ఆ వెంటనే జరిగిన ఎన్నికల్లో ఖమ్మం నుంచే గెలిచారు. ఈసారీ ఓడింది రేణుకా చౌదరే. ఆ పార్టీకి కూడా లోక్‌సభలో ఆయనే నాయకుడు. 2024లో నాలుగున్నర లక్షలకు పైగా ఓట్ల తేడాతో కాంగ్రెస్ చేతిలో ఓడిపోయారు.

ఇరవై ఏళ్లలో ఐదుసార్లు లోక్‌సభకు, ఒకసారి అసెంబ్లీకి పోటీ. నాలుగు ఓటములు. పార్టీ మారినా టికెట్ ఆగలేదు. ఓడిపోయిన ప్రతిసారీ మళ్లీ నిలబడగలగడం ఒక శక్తి. మన సంఘాల్లో సర్పంచిగా ఒక్కసారి ఓడిన మహిళ రెండోసారి నామినేషన్ వేయడానికి ఇంట్లో ఎంత యుద్ధం చెయ్యాలో మనకు తెలుసు. మొదటిసారి చేసిన అప్పు అప్పటికింకా తీరి ఉండదు. పుస్తెలు తాకట్టు నుంచి వచ్చి ఉండవు. ఓటమిని భరించే స్తోమత కూడా ఒక ఆస్తే. అది అఫిడవిట్‌లో కనిపించదు.

2014లో ఆయన్ని ఓడించిందెవరో కూడా చూడాలి. వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన పొంగులేటి శ్రీనివాసరెడ్డి కూడా కాంట్రాక్టు రంగం నుంచి వచ్చినవారే. ఆ తర్వాత టీఆర్ఎస్‌లో చేరి, 2023లో కాంగ్రెస్‌కు మారి, పాలేరు నుంచి గెలిచి రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు. అంటే ఆ ఏడాది ఖమ్మం ఓటరు ముందున్న అసలు పోటీ ఇద్దరు కాంట్రాక్టర్ల మధ్య. ఒకప్పుడు కమ్యూనిస్టు పోరాటాల గడ్డ అని చెప్పుకున్న జిల్లా ఇది!

అడవి సీటు చెప్పే సంగతి

ఇప్పుడు పక్కనే ఉన్న భద్రాచలం కేసి చూద్దాం. భద్రాచలం లోక్‌సభ స్థానం గిరిజనులకు రిజర్వు అయినది. 1967 నుంచి 2004 దాకా అక్కడ పదకొండు సాధారణ ఎన్నికలు జరిగాయి. వాటిలో ఏడుసార్లు గెలిచింది స్త్రీలు. బి. రాధాబాయి ఆనందరావు వరసగా నాలుగుసార్లు, కర్రెద్దుల కమలకుమారి 1989లో, 1991లో, దుంప మేరీ విజయకుమారి 1999లో గెలిచారు. మహిళా రిజర్వేషన్ లేకుండానే ఈ అడవి సీటు పదకొండింట ఏడుసార్లు స్త్రీని ఢిల్లీకి పంపింది!

2008 పునర్విభజనలో ఆ స్థానం రద్దయింది. భద్రాచలం, పినపాక అసెంబ్లీ స్థానాలు మహబూబాబాద్ గిరిజన స్థానంలో కలిశాయి. అక్కడ 2019లో మాలోత్ కవిత గెలిచారు. దిగువన రంపచోడవరం మన్యం అరకు స్థానంలోకి వెళ్లింది. అరకులో 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనూజారాణి, వరసగా ముగ్గురూ స్త్రీలే. రంపచోడవరం అసెంబ్లీ స్థానంలోనూ 2014 నుంచి మూడుసార్లూ స్త్రీలే గెలిచారు. భద్రాచలం అసెంబ్లీకి 2009లో కుంజా సత్యవతి, ములుగుకు 2009, 2018, 2023లలో సీతక్క.

ఖమ్మం జనరల్ స్థానం కూడా ఎప్పుడూ మగవాళ్లదే కాదు. 1962, 1967, 1971లలో టి. లక్ష్మీకాంతమ్మ, 1999, 2004లలో రేణుకా చౌదరి గెలిచారు. 2009 నుంచి 2024 దాకా జరిగిన నాలుగు ఎన్నికల్లో మాత్రం ఒక్క స్త్రీ కూడా గెలవలేదు. రేణుకా చౌదరి పేదింటి మనిషని నేను అనడం లేదు. ఆమె ఆర్థికంగా, సామాజికంగా బలమున్న వర్గానికి చెందినవారే. గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చినప్పుడు స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ఆమె చేతిలో ఉంది. అంతటి పదవీ, పలుకుబడీ ఉన్న స్త్రీకే ఈ పోటీ ఇంత కష్టమైతే, అశ్వారావుపేట పోడు పోరాటంలో ముందు నిలబడ్డ స్త్రీకి ఖమ్మం సీటు కలలోనైనా అందుతుందా?

గిరిజన స్థానాల్లో స్త్రీలు ఎందుకు గెలుస్తున్నారు? గిరిజన సమాజంలో పితృస్వామ్యం లేదని చెబితే అబద్ధమవుతుంది. పెద్ద పెట్టుబడి ఆ సీటు కోసం తానే స్వయంగా పోటీ పడలేకపోవడం ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. రిజర్వేషన్ అక్కడ ఒక కంచె వేసింది. ఆ కంచె లోపల సీటు ధర తక్కువ. ధర తక్కువున్న చోట స్త్రీకి తలుపు తెరుచుకుంది.

ధర తక్కువున్న చోట ప్రతినిధి తీరు కూడా వేరుగా ఉంటుంది. భద్రాచలం నుంచి మూడుసార్లు ఎమ్మెల్యే అయిన సీపీఎం నాయకుడు సున్నం రాజయ్య ఆటోల్లో, బస్సుల్లో తిరిగేవారు. ఆయన 2020లో కరోనాతో చనిపోయారు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్యను సైకిల్ మీద తిరిగే ఎమ్మెల్యేగానే జనం గుర్తుపెట్టుకున్నారు. వాళ్ల పార్టీల మీద, వాటిలో స్త్రీల స్థానం మీద మనకు పేచీలు ఉండొచ్చు. వాళ్లని కలవడానికి గూడెం ఆడవాళ్లు గేటు దగ్గర పడిగాపులు కాయనక్కర్లేకపోయింది.

చట్టం దేన్ని లెక్కపెడుతుంది?

ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్న మనిషి చట్టసభలో కూర్చుంటే ప్రమాదమని చట్టం రాసినవాళ్లకు తెలియక కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 9ఏ సెక్షన్ సరిగ్గా ఆ సంగతే చెబుతుంది. సంబంధిత ప్రభుత్వంతో నడుస్తున్న కాంట్రాక్టు ఉన్న వ్యక్తి అనర్హుడు. కాని ఆ కాంట్రాక్టు వ్యక్తి పేరున కాక కంపెనీ పేరున ఉంటే? కంపెనీ వేరు, వాటాదారు వేరు అంటుంది చట్టం. ఎంపీకి సంబంధిత ప్రభుత్వమంటే కేంద్రం. రాష్ట్ర ప్రభుత్వ పనులు ఆ లెక్కలోకే రావు. అంచేత చేతితో మట్టి పని చేయించుకునే చిన్న కాంట్రాక్టరుకు అడ్డొచ్చే సెక్షన్, వందల కోట్ల కంపెనీ అధిపతికి అడ్డు రాదు. 2018 తర్వాత అఫిడవిట్‌లో తమకు వాటా ఉన్న ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టులు కూడా చూపమన్నారు. చూపితే చాలు, అనర్హత ఏమీ లేదు.

దీని పక్కన 1994 పంచాయతీరాజ్ చట్టాన్ని పెట్టి చూడండి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే వార్డు మెంబరుగా నిలబడడానికి కూడా అర్హత లేదంది. చట్టం వచ్చిన ఏడాది గడిచాక మూడో కాన్పు అయిన ప్రతి స్త్రీనీ పక్కకు నెట్టింది. ఎంతమంది పిల్లల్ని కనాలన్నది తన చేతిలో లేని స్త్రీకి ఈ శిక్ష ఏమిటని స్త్రీల సంఘాలు మొత్తుకుంటే, ఆంధ్రప్రదేశ్ 2024లో గాని ఆ నిబంధన తీసెయ్యలేదు. తెలంగాణ 2025లో అదే దారి పట్టింది. తీసేసిన కారణం కూడా స్త్రీల హక్కు కాదు, జనాభా తగ్గుతోందన్న బెంగ. ముప్పై ఏళ్లు మన చట్టం సర్పంచి కడుపున పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టింది. ఎంపీ కంపెనీకి వచ్చిన కాంట్రాక్టుల్ని లెక్కపెట్టలేకపోయింది.

దీని ఫలితం ఎలా ఉంటుందో మధుకాన్ విషయంలోనే చూడొచ్చు. రాంచీ, జంషెడ్‌పూర్ మధ్య హైవే పనికి తీసుకున్న బ్యాంకు రుణాల విషయంలో ఆ గ్రూపు కంపెనీ మీద 2019లో సీబీఐ కేసు పెట్టింది. 2022లో ఈడీ సుమారు 96 కోట్ల ఆస్తులు జప్తు చేసినట్టు ప్రకటించింది. ఇవి ఆరోపణలు, తప్పొప్పులు తేల్చేది కోర్టు. మన ప్రశ్నకు ఆ తీర్పుతో పని లేదు. జాతీయ రహదారుల శాఖను, ప్రభుత్వ బ్యాంకుల్ని నిలదీయాల్సిన సభలో, ఆ శాఖ పనులూ ఆ బ్యాంకుల అప్పులూ ఉన్న కంపెనీ అధిపతి ఒక పక్షానికి నాయకుడిగా కూర్చోవడం సబబేనా? నేరం జరగనక్కర్లేదు. కూర్చోవడమే సమస్య.

ఆయన ఒక్కరే కాదు. లగడపాటి రాజగోపాల్‌కు ల్యాంకో, కావూరి సాంబశివరావుకు ప్రోగ్రెసివ్ కన్‌స్ట్రక్షన్స్, టి. సుబ్బరామిరెడ్డికి గాయత్రి. పార్టీ రంగు ఏదైనా వృత్తి ఒక్కటే.

పోలవరం దగ్గర అన్నీ కలుస్తాయి

ఇదంతా ఢిల్లీ గొడవ, గూడేనికేం సంబంధమని మన కార్యకర్తలే ఒక్కోసారి అంటుంటారు. పోలవరం చూస్తే సంబంధం తెలుస్తుంది. 2014 జూలైలో పార్లమెంటు చట్టం సవరించి, భద్రాచలం చుట్టుపక్కల ఏడు మండలాల గ్రామాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు కోయలు, కొండరెడ్లు ఒక రాష్ట్రంలో ఓటేసి మరో రాష్ట్రంలో తేలారు. కారణం, ఆ నేల పోలవరం ముంపు కిందికి వస్తుంది. ఏ రాష్ట్రంలో ఉంటారని వాళ్లనెవరూ అడగలేదు.

ఆ ప్రాజెక్టు ప్రధాన పనుల కాంట్రాక్టు 2013లో ట్రాన్స్‌ట్రాయ్ కంపెనీకి వెళ్లింది. అది రాయపాటి సాంబశివరావు కుటుంబానికి చెందిన కంపెనీ. ఆయన అప్పుడు కాంగ్రెస్ ఎంపీ, 2014లో తెలుగుదేశం ఎంపీ. ముంపు మండలాల్ని అటు కలిపిన సభలో ప్రాజెక్టు కట్టే కంపెనీ మనిషి సభ్యుడు. 2019లో ఆ పని మేఘా ఇంజనీరింగ్ చేతికి వచ్చింది. ఆ కంపెనీ యజమాని ఎన్నికల్లో నిలబడలేదు, నిలబడాల్సిన అవసరమూ రాలేదు. 2024లో సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లు కొట్టేశాక బయటపడ్డ లెక్కల్లో, 966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉన్నది మేఘాయే. లోపల కూర్చోవడం ఒక దారి, బయటి నుంచి మోయడం ఇంకో దారి. మునిగిపోయే గూడెంలో ఇప్పచెట్టూ, పోడు చేనూ, వాగు నీళ్లూ పోగొట్టుకున్న స్త్రీకి రెండు దారుల్లోనూ చోటు లేదు.

ఢాకాలో ఇదే కథ

ఇది మన ఒక్కరి దౌర్భాగ్యమనుకోకూడదు. బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలు నడిచేది ప్రధానంగా ఆడపిల్లల చేతుల మీద. అక్కడి పార్లమెంటులో వ్యాపారులూ, ఫ్యాక్టరీ యజమానులూ ఏటికేడాది పెరిగి 2018 ఎన్నికల నాటికి సగం దాటిపోయారు. కూలి రేట్లు, సంఘం పెట్టుకునే హక్కు, భవనాల తనిఖీ, ఇవన్నీ నిర్ణయించే సభ అది. 2013 ఏప్రిల్ 24న సవార్‌లో రాణా ప్లాజా కూలి 1134 మంది చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలు. గోడలు పగుళ్లిచ్చాయని ముందు రోజే తెలుసు. అయినా పనిలోకి రమ్మన్నారు. బెక్సిమ్‌కో అధిపతి సల్మాన్ ఎఫ్. రెహమాన్ ఎంపీ అయ్యారు, ప్రధానికి ప్రైవేటు పరిశ్రమల సలహాదారూ అయ్యారు. 2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం కూలిపోగానే అరెస్టయ్యారు.

ఆ సభలో స్త్రీలకు 50 రిజర్వు సీట్లు ఉండేవి. కాని వాటికి జనం నేరుగా ఓటెయ్యరు. పార్టీల బలాన్ని బట్టి పార్టీలే నింపుతాయి. స్త్రీల సంఖ్య పెరిగింది గాని, మిషన్ మీద కూర్చున్న అమ్మాయి గొంతు సభలో వినపడలేదు. రిజర్వేషన్ గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ పాఠం మరవకూడదు.

రిజర్వేషన్ ఒక్కటే సరిపోతుందా?

మన దేశంలో మహిళా బిల్లు 2010లో రాజ్యసభ దాటింది, లోక్‌సభ ముందుకు రానేలేదు. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఇంత సులువుగా ఎలా అవునన్నారు? జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అన్న షరతు పెట్టారు కాబట్టి. 2024లో గెలిచిన స్త్రీలు 74 మంది. అదే సభలో కోటీశ్వరులు 504 మంది. కోటి దాటిన ఆస్తికి ఏ రిజర్వేషనూ అవసరం లేకపోయింది!

రిజర్వేషన్ కావాలి. షరతులు లేకుండా కావాలి. కాని డబ్బు కంచెను దాటే ఉపాయాలు కూడా మనకు తెలుసు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదని 1/70 చట్టం చెప్పింది. ఏమైంది? గిరిజన స్త్రీ పేరు మీద భూమి, గిరిజనేతర మగవాడి అనుభవం. ఆమె పేరు మీద సర్పంచి పదవి, సంతకం ఆమెది, పెత్తనం అతనిది. ఏజెన్సీలో పనిచేసే మన అందరికీ ఇది కొత్త కాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని ఎంత గట్టిగా చెప్పినా, బినామీ దారులు వెతుకుతూనే ఉన్నారు. రేపు ఖమ్మం సీటు స్త్రీకి రిజర్వు అయితే, కాంట్రాక్టరు ఇంటి కోడలో, కూతురో నామినేషన్ వేసే రోజు రాదని ఎవరు చెప్పగలరు? ఆమె కూడా స్త్రీయే, ఆమె హక్కును నేను కాదనను. అయితే సీటు ధర మాత్రం తగ్గదు. 2009లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25 లక్షలు. 2014కు 70 లక్షలైంది, 2022లో 95 లక్షలకు పెంచారు. పార్టీ సాధారణ ప్రచారానికి పెట్టేది ఈ లెక్కలోకి రాదు. రాయని ఖర్చు సంగతి మద్యం సీసాలు ఏరుకునే మన ఊళ్లకే తెలుసు.

మనం చేయగలిగింది

మొదటిది, అఫిడవిట్లు. 2003 నుంచి ప్రతి అభ్యర్థీ ఆస్తులు, అప్పులు, కేసులు రాసివ్వాల్సిందే. అవి మన చేతికి అందుతాయి. సంఘం సమావేశాల్లో వాటిని చదివి వినిపించాలి, కోయ భాషలో కూడా. పోలింగ్ 2014లో ఏప్రిల్ 30న, 2024లో మే 13న జరిగింది. రెండూ ఆడవాళ్లు తునికాకు పనిలో ఉండే రోజులు. కల్లం దగ్గరే చదవొచ్చు. 173 కోట్లంటే ఎంతో, ఆకు కట్టల లెక్కన చెబితే వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

రెండోది, 9ఏ సెక్షన్. కుటుంబం చేతిలో ఉన్న కంపెనీకి కేంద్రంతో గాని, రాష్ట్రంతో గాని కాంట్రాక్టు ఉంటే అది కూడా అనర్హతే అని సవరించాలి. ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, స్త్రీలైనా సరే, ఈ సవరణకు ఒప్పుకుంటారా అని అడగాలి.

మూడోది, 1996 పీసా చట్టం ఇచ్చిన గ్రామసభ. ఆ సభలో సీటుకు ధర లేదు. కోయ స్త్రీ అక్కడ మాట్లాడడానికి డిపాజిట్ కట్టనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం పోడు హక్కు పత్రంలో భార్య పేరు కూడా రాయమంది. ఆ పత్రం తేల్చడం మొదలయ్యేది ఈ గ్రామసభలోనే. కోరం కోసం సంతకాలు సేకరించి ఇంటికి పంపే తంతుగా దాన్ని మార్చనివ్వకూడదు. అక్కడ మాట్లాడడం నేర్చిన స్త్రీలే రేపు పెద్ద సభల్లో మాట్లాడతారు.

నాలుగోది మన సంఘాల లోపలి పని. ఎన్నికలొస్తే మన దగ్గరకు వచ్చే నాయకుల చందాలు, కమ్యూనిటీ హాలుకు రేకులు, సభకు భోజనాలు తీసుకోవాలా వద్దా అన్నది ఎన్నికలకు ముందే కూర్చుని తేల్చుకోవాలి. ఓడిపోయిన మన మహిళా సర్పంచి రెండోసారి నిలబడడానికి ఒక నిధి పెట్టగలమా అన్నది కూడా. కోట్ల పక్కన అది చిన్న మొత్తమే కావచ్చు. పంచాయతీ స్థాయిలో మాత్రం ఆ చిన్న మొత్తమే ఒక స్త్రీ నామినేషన్ వెయ్యడానికీ, వెయ్యకపోవడానికీ మధ్య ఉన్న తేడా.